గుండిగ తోమే లాయరమ్మ

మా టార్వర్ ఊళ్ళో ఎర్నెస్టీన్ మాబ్రీ ఎవరని అడిగితే ముందు నవ్వుతారు, తర్వాత చెబుతారు. ప్రతి శనివారం కేసు ఓడిపోయి గుండిగ తోమే ఆవిడ కదా, అంటారు. అది అబద్ధమేమీ కాదు. కాకపోతే మొన్న నవంబరులో మా పాత ప్రత్యర్థులు ఎల్‌డ్రిజ్ వాళ్ళతో ఆట జరిగిన శనివారం దాకానే అది నిజం. ఆ శనివారం సంగతి చెప్పడానికి నాకున్న హక్కు ఊళ్ళో ఇంకెవరికీ లేదు. ఎందుకంటే ఆ కోర్టుకి జడ్జిని నేనే.

నిజం జడ్జిని కాదు లెండి. పేరు లూథర్, స్కూలు బస్సు నడిపి రిటైరైనవాణ్ణి. చర్చిలో పాటలు పాడేవాళ్ళు వేసుకునే నల్ల అంగీ ఒకటి నా దగ్గరుంది. అంగీ ఉన్నవాడే జడ్జి అని ఎప్పుడో ఎవరో అన్నారు, నేనూ మొహమాటపడలేదు. ఆ అంగీని ఉతికి ఇస్త్రీ చేసిచ్చేది ఎర్నెస్టీనే. ఆవిడ ఇస్త్రీ చేసిన మడతలు నలగకుండా నిలబడి, ఆవిడ ఓడిపోయిందని తీర్పు చదివేవాణ్ణి.

హెల్మెట్ పెట్టుకుని, బంతి చేత్తో పట్టుకుని ఆడే మా కాలేజీ ఫుట్‌బాల్ ఆట ఉన్న ప్రతి శనివారం పొద్దున్నే స్టేడియం పక్క ఖాళీ స్థలంలో గుడారాలు లేస్తాయి. పొయ్యిల మీద పంది పక్కటెముకలు కాలుతుంటాయి, పెద్ద గుండిగలో చేపలు వేగుతుంటాయి. మధ్యాహ్నం ఆట మొదలయ్యేలోపు తినాలి, అరవాలి, పోట్లాడుకోవాలి. ఎలాగూ పోట్లాడుకుంటారు కదా, దానికో పద్ధతి ఉంటే బాగుంటుందని మా పెద్దవాళ్ళు పెట్టిందే ఈ కోర్టు. గత వారం ఆటలో రిఫరీలు ఎవరినైనా టార్గెటింగ్ కింద బయటికి పంపితే ఆ కేసు మా గుడారం ముందు మళ్ళీ విచారణకొస్తుంది. మేం ఏం తేల్చినా రిఫరీ తీర్పు మారదు. మారనిదాని గురించి వాదించుకోవడంలో ఉన్న సుఖం ఇంకెందులోనూ లేదు.

టార్గెటింగ్ అంటే పెద్ద బ్రహ్మవిద్య కాదు. తల దించి హెల్మెట్ నడినెత్తితో ఎదుటివాణ్ణి గుద్దకూడదు. బంతి పట్టుకోవడానికి గాల్లోకి లేచి, తనను తాను కాచుకోలేని స్థితిలో ఉన్నవాడి తల మీదా మెడ మీదా గుద్దకూడదు. గుద్దితే రిఫరీ జేబులోంచి పసుపు గుడ్డ నేల మీద పడుతుంది. పైగదిలో కూర్చున్నవాళ్ళు వీడియో తిప్పి తిప్పి చూసి, నిజమే అంటే ఆటగాడు బయటికి పోవాలి. అదే రెండో సగం ఆటలో చేస్తే వచ్చే శనివారం మొదటి సగం కూడా బయటే కూర్చోవాలి. మా ఊరి లెక్కలో అయితే ఎదుటి జట్టువాడు చేస్తేనే టార్గెటింగ్, మనవాడు చేస్తే అది ఫుట్‌బాల్.

ఇక తీర్పు చెప్పే జ్యూరీ ఎవరంటే, చేతిలో పళ్ళెం ఉన్న ప్రతివాడూ. నిర్దోషి అనుకున్నవాళ్ళు నమిలేసిన ఎముక పైకెత్తుతారు, దోషి అనుకున్నవాళ్ళు మొక్కజొన్న రొట్టె ముక్క ఎత్తుతారు. ఓడిన లాయరు ప్రత్యర్థి జట్టు రంగు ఏప్రన్ కట్టుకుని చేపలు వేయించిన గుండిగ తోమాలి. ఆ గుండిగలో ఓ మనిషి కాళ్ళు ముడుచుకుని కూర్చోవచ్చు. అడుగున పట్టిన మాడు రాయిలా ఉంటుంది.

ఆటగాళ్ళ తరఫు లాయరు హోసియా గ్రిమ్స్. టైర్ల దుకాణం అతనిది, గొంతు కూడా టైరు పేలినట్టే ఉంటుంది. రిఫరీ తరఫున వాదించడానికి మొదట్లో ఎవరూ ముందుకు రాలేదు. ఏటికి ఎదురీదే పని ఎవరు చేస్తారు? అప్పుడు ఎర్నెస్టీన్ చేతిలో పళ్ళెం కింద పెట్టి లేచి నిలబడింది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు అప్పట్నుంచీ నిలబడుతూనే ఉంది. బయటికి పంపడమే సబబు అని వాదించేది. ఎముకల అడవి లేచేది. మధ్యలో ఆవిడ రొట్టె ముక్క ఒక్కటే ఉండేది. తర్వాత ఏప్రన్ కట్టుకుని, గొట్టం పట్టుకుని, ఓ పాట కూనిరాగం తీస్తూ గుండిగ తోమేది. ఒకసారి నేను జాలిపడి చేయి వేయబోతే, జడ్జిగారు ఓడిన లాయరుతో కలిసి గిన్నెలు తోముతారా, పరువు పోదూ అని నన్ను తరిమేసింది.

ఈ వింతకి పైన ఇంకో వింత ఉంది. ఆవిడ భర్త క్లోవిస్ మాబ్రీ మా ఊరికి దేవుడితో సమానం. ఆయన మా కాలేజీకి ఆడిన రోజుల్లో, ఎల్‌డ్రిజ్ వాళ్ళతో ఆఖరి ఆటలో బంతి పట్టుకుని గీత దాటబోతున్నవాణ్ణి పొట్టేలులా తల దించి ఢీకొట్టాడు. వాడి హెల్మెట్ ఊడి ఎగిరిపోయింది, బంతి జారిపోయింది, మేం గెలిచాం. ఆ దెబ్బని హోసియా తన టైర్ల దుకాణం గోడ మీద నిలువెత్తు బొమ్మగా వేయించాడు. ఊళ్ళోకి ఏ దారిన వచ్చినా ఆ గోడ కనబడుతుంది. ప్రతి కేసులోనూ హోసియా ఆఖరి అస్త్రం ఆ గోడే. ఈ దిక్కుమాలిన రూలు అప్పుడే ఉంటే క్లోవిస్ అన్నని బయటికి తోసేవాళ్ళు, నా గోడ ఖాళీగా ఉండేది అనేవాడు. అంతే, ఎముకలు లేచేవి.

క్లోవిస్ కాగితం మిల్లులో పనిచేసి, అందరికంటే ముందే మానేశాడు. అప్పట్నుంచి పొద్దున్నే ఇస్త్రీ మడతల చొక్కా వేసుకుని ఎర్నెస్టీన్ లాండ్రీ దుకాణం గుమ్మంలో కూర్చుంటాడు. దారిన పోయేవాళ్ళు ఆగి, ఆ రోజు సంగతి ఒక్కసారి చెప్పన్నా అని అడుగుతారు. ఆయన నవ్వుతాడు. లోపల్నుంచి ఎర్నెస్టీన్ వచ్చి చేతులు తిప్పుతూ మొత్తం కథ చెబుతుంది. చేసినవాడు చెప్పుకోడు, నిండుకుండ తొణకదంటే ఇదే మరి అని మేం ఒకరి భుజం ఒకరు తట్టుకుని వెళ్ళిపోయేవాళ్ళం.

మాకు ఆలస్యంగా తెలిసింది మీకు ముందే చెప్పేస్తాను. ఆయనకి ఆ రోజు గుర్తులేదు. ఆటలాడిన రోజుల్లో తిన్న దెబ్బలకీ కొట్టిన దెబ్బలకీ మెదడు దెబ్బతిందని పట్నంలో డాక్టరు ఎప్పుడో చెప్పాడట. ఇస్త్రీ అయిన చొక్కాలు తీసి మళ్ళీ ఉతుకులో వేసేవాడట. రొట్టె తెస్తానని కారేసుకుని వెళ్ళి పక్క జిల్లాలో రోడ్డు పక్కన ఆగి, ఎందుకొచ్చానో తెలియక కూర్చుంటే ఆవిడే వెతికి తీసుకొచ్చిందట. ఇవన్నీ ఎర్నెస్టీన్ ఒక్కత్తే మోసింది. ఊరు ఆయన్ని చూసి నవ్వడం కాదు, జాలిపడడం కూడా ఆవిడకి ఇష్టం లేదు. కొడుక్కి కూడా నాన్నకి వయసు మీద పడిందనే చెప్పింది.

కొడుకు పేరు జెరెల్. మా జట్టులో వెనక నిలబడి కాపు కాసేవాడు, ఎవరైనా ముందు వరసలు తప్పించుకుని వస్తే ఆపాల్సింది వాడే. వాడు పదేళ్ళ పిల్లాడప్పుడు బంతి పట్టుకున్న రోజే ఎర్నెస్టీన్ పెరట్లో దండెం గుంజకి లాండ్రీకొచ్చే ఆసుపత్రి పాత దుప్పట్ల మూట ఒకటి వేలాడదీసింది. రోజూ స్కూలు నుంచి రాగానే ఆ మూటని పడగొట్టాలి. నేను బస్సు తిప్పుకుని వెళుతుంటే ఆవిడ గొంతు వీధిలోకి వినబడేది. కళ్ళెత్తు, భుజం పెట్టు, చేతులు చుట్టు. మూట ఎన్నిసార్లు చిరిగిందో, అన్నిసార్లూ కుట్టింది.

అలాంటివాడు, కాలేజీలో ఆఖరి ఏడు, ఆఖరి ఆటకి ముందు ఆటలో తల దించాడు. పరాయి ఊరు, నాలుగు భాగాల ఆటలో మూడోది, అంటే రెండో సగం. ఎదుటివాడు బంతి కోసం గాల్లోకి లేచాడు, జెరెల్ హెల్మెట్ నడినెత్తి వాడి గడ్డం కింద తగిలింది. కుర్రాడు కాసేపు కదల్లేదు, తర్వాత ఇద్దరి భుజాల మీద చేతులేసి నడిచాడు. పసుపు గుడ్డ పడింది, వీడియో చూశారు, జెరెల్ తల దించుకుని లోపలికి పోయాడు. మేం దారంతా రిఫరీని తిట్టుకుంటూ వచ్చాం. ఎర్నెస్టీన్ మా బస్సులోనే క్లోవిస్ పక్కన కూర్చుని కిటికీలోంచి బయటికి చూస్తూ ఉంది.

అంటే ఎల్‌డ్రిజ్ ఆటలో మొదటి సగం వాడు లేడు. అది సొంత మైదానంలో వాడి చివరి ఆట. ఆ రోజు ఆటకి ముందు చివరి ఏడు పిల్లలు ఒక్కొక్కరూ అమ్మానాన్నల చేతులు పట్టుకుని మైదానం మధ్యకి నడుస్తారు. పేరు పిలుస్తారు, బ్యాండు మోగుతుంది, ఊరంతా లేచి నిలబడుతుంది. ఆ నడక కోసం ఎర్నెస్టీన్ ఆకుపచ్చ గౌను వేసవిలోనే కుట్టుకుంది.

ఆదివారం చర్చి అయ్యాక జెరెల్ ఇంటికి భోజనానికొచ్చాడు. అక్కడ ఏం జరిగిందో తర్వాత ఆవిడే నాకు చెప్పింది. వాడు కోడికూర కెలుకుతూ, "అమ్మా, శనివారం కోర్టులో నాకోసం మాట్లాడతావుగా?" అన్నాడట.

"మాట్లాడతాను. చూసిందే మాట్లాడతాను."

"ఊళ్ళో ఒక్కరు కూడా తప్పనట్లేదు. హోసియా మావయ్య అయితే అసలు..."

"హోసియా మావయ్యకి నువ్వు కొడుకువి కాదు."

"నీకు కొడుకునే కదా? మరి ఎటువైపు నువ్వు?"

ఆవిడ చెంచా కింద పెట్టి, "గుద్దేముందు నీకేం కనబడింది, నాన్నా?" అని అడిగిందట.

వాడు కూర ముక్క పక్కకి తోశాడు. "గడ్డి" అన్నాడు.

గడ్డి కనబడిందంటే తల దించాడనే అర్థం. అది వాడికీ తెలుసు, అందుకే కోపమొచ్చింది. కుర్చీ వెనక్కి తోసి లేచాడు. శనివారం మైదానంలోకి నాతో నాన్న వస్తే చాలు, నువ్వు రానక్కర్లేదు, నీకు రిఫరీలున్నారుగా అని తలుపు వేసుకుని వెళ్ళిపోయాడు. పళ్ళెంలో కూర అలాగే ఉంది. క్లోవిస్ దాన్ని తన వైపు లాక్కుని, అబ్బాయి తినలేదేం అన్నాడట.

వారమంతా ఊరు పండగ చేసుకుంది. తనదాకా వస్తే గానీ తెలియదు, ఇప్పుడు చూద్దాం లాయరమ్మ సంగతి అని మంగలి దుకాణంలో, పెట్రోలు బంకులో ఇదే కబురు. బుధవారం హోసియా స్వయంగా ఆవిడ లాండ్రీకి వెళ్ళాడు. కాకి పిల్ల కాకికి ముద్దు, అందులో సిగ్గుపడాల్సిందేం లేదక్కా, ఈ ఒక్కసారి మా పక్కకొచ్చి నిలబడు, ఇక జన్మలో నీ చేత గుండిగ తోమించను అన్నాడట. ఆవిడ అతని చొక్కా చూసి, కాలరు నలిగింది, విప్పి ఇవ్వు అందట. దాన్నుంచి హోసియా ఏం అర్థం చేసుకున్నాడో గానీ, బయటికొచ్చి, అక్క దారికొచ్చింది అని అందరికీ చెప్పాడు.

శుక్రవారం అంగీ తెచ్చుకోవడానికి నేను వెళ్ళాను. ఆదివారం సంగతి అప్పుడే చెప్పింది. చెబుతూ నా అంగీ మీద ఇస్త్రీపెట్టె తోస్తూనే ఉంది. పోనీ రేపు ఒంట్లో బాలేదని మానెయ్యరాదా, ఎవరూ ఏమనుకోరు అన్నాను.

"నేనేం వాదించినా వాడు సగం ఆట కూర్చోవాల్సిందే కదా లూథరన్నా. మరి వాడు నాచేత ఏం చెప్పించుకోవాలనుకుంటున్నాడు? తల దించడం మంచిదేనని. అది మాత్రం నా నోటెమ్మట రాదు. నడక పోతే పోయిందిలే." అలా అంటూనే గోడకి తగిలించిన ఆకుపచ్చ గౌను వైపు చూసింది.

శనివారం మా గుడారం ముందు ఇసకేస్తే రాలనంత జనం. పిల్లల్ని భుజాల మీదకెక్కించుకుని మరీ వచ్చారు. ఎర్నెస్టీన్ ఆకుపచ్చ గౌను వేసుకునే వచ్చింది. క్లోవిస్‌ని చేయి పట్టుకుని తెచ్చి మడత కుర్చీలో కూర్చోబెట్టి, పక్కటెముకల పళ్ళెం చేతికిచ్చింది. నేను గరిటెతో గుండిగ మూత మీద కొట్టి కోర్టు మొదలైందన్నాను.

హోసియా ఆ రోజు తన జీవితంలోకెల్లా మంచి ప్రసంగం చేశాడు, ఉన్నమాట చెప్పుకోవాలి. రెప్పపాటులో జరిగిపోయేదాన్ని నెమ్మదిగా తిప్పి చూసి తప్పనడం న్యాయమేనా అన్నాడు. పరిగెత్తేవాడు చివరి క్షణంలో తల వంచుకుంటే, గుద్దేవాడు గాల్లో ఆగిపోగలడా అన్నాడు. సొంత మైదానంలో చివరి ఆటని ఓ కుర్రాడి నుంచి సగం లాక్కోవడం తప్పుకి తగిన శిక్షేనా అన్నాడు. నిజానికి అవి కొట్టిపారేసే మాటలు కావు, నేను కూడా తలూపాను. ఆఖర్న ఎప్పటిలాగే గోడ దగ్గరికొచ్చాడు. కానీ ఈసారి కొత్తగా ఒక పని చేశాడు. తిన్నగా క్లోవిస్ ముందుకెళ్ళి మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"అన్నా, నువ్వే చెప్పు. ఆ రోజు నువ్వు కొట్టిన దెబ్బ తప్పా?"

క్లోవిస్ నవ్వాడు. మేమందరం అలవాటుగా ఎర్నెస్టీన్ వైపు తిరిగాం, ఎప్పటిలా ఆవిడ అందుకుని కథ చెబుతుందని. ఆవిడ నోరు విప్పలేదు. రెండు చేతులూ గౌను జేబుల్లో పెట్టుకుని నిలబడింది. పొయ్యి మీద కొవ్వు చిటపటమంటోంది. హోసియా మళ్ళీ అడిగాడు.

క్లోవిస్ అతని మొహంలోకి మర్యాదగా చూసి, "ఏ రోజు, బాబూ?" అన్నాడు.

ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. హోసియా తన దుకాణం ఉన్న దిక్కుగా చేయి చూపించి, అదే అన్నా, గోడ మీద బొమ్మ అన్నాడు. గోడ మీద ఎవరిదో కుర్రాడి బొమ్మ ఉంది, బాగుంటుంది, రోజూ చూస్తాను అన్నాడు క్లోవిస్. అప్పుడు మాట్లాడింది ఎర్నెస్టీన్. గొంతు పెంచలేదు.

"నిండుకుండ తొణకదంటారు మీరు. ఖాళీ కుండ కూడా తొణకదు. ఇన్నేళ్ళూ మీరు అడిగారు, నేను చెప్పాను. ఆ దెబ్బ మీకు గుర్తుంది, నాకు గుర్తుంది, ఆయనకి లేదు. ఆయన చొక్కా బొత్తాలు పొద్దున్నే నేను పెడతాను. నా పేరు ఒక్కోరోజు ఉంటుంది, ఒక్కోరోజు ఉండదు. డాక్టరు ఏం చెప్పాడో కావాలంటే చెబుతాను, కానీ మీకు అర్థమైంది."

అప్పుడే దూరం నుంచి డప్పులు వినబడ్డాయి. ఆటగాళ్ళు గుడారాల మధ్యనుంచి స్టేడియానికి నడిచివచ్చే వేళ అది. మామూలుగా అయితే ఎగబడి చేతులు కలుపుతాం, వీపులు చరుస్తాం. ఆ రోజు ఎవరూ కదల్లేదు. కోటులూ టైలూ వేసుకున్న కుర్రాళ్ళు మా మౌనం చూసి మా గుడారం ముందు నిలిచిపోయారు, వాళ్ళ మధ్యలో జెరెల్ కూడా. ఎర్నెస్టీన్ వాణ్ణి చూసింది. చూసి కూడా ఆగలేదు.

"నా కొడుకు తల దించాడు. నేను చూశాను, వాడికీ తెలుసు. ఆ గుద్దించుకున్న పిల్లాడికి కూడా అమ్మ ఉంది, వాడు లేచేదాకా ఆవిడ ఏం చేసుంటుందో నేను చూడక్కర్లేదు. రూలు కఠినమే, హోసియా తమ్ముడి మాట కాదనను. కానీ నా కొడుకు కూర్చునేది సగం ఆట. వాళ్ళ నాన్న ఆ గుమ్మంలో కూర్చుని ఎన్నేళ్ళయిందో మీరే లెక్కేసుకోండి. వాణ్ణి ఈ రోజు కూర్చోబెట్టిన రిఫరీ ఎవరో గానీ, ఆయన చొక్కాలు జన్మంతా ఊరికే ఇస్త్రీ చేసిపెడతాను."

ఇంతే మాట్లాడింది. జెరెల్ తల్లి వైపు, కుర్చీలో ఎముక నములుతున్న తండ్రి వైపు చూశాడు. వాడి మొహంలో ఏముందో నాకు చెప్పడం రాదు. వెనకవాళ్ళు నెమ్మదిగా తోస్తే నడిచి వెళ్ళిపోయాడు.

నేను గరిటె ఎత్తి ఓటు అడగాలి. అడగకుండా మూత మీద ఊరికే ఒక దెబ్బ కొట్టాను. ముందు ఓ ముసలావిడ రొట్టె ముక్క లేచింది. ఆవిడ పక్కన ఇంకోటి. తర్వాత చూస్తుండగానే చేతులన్నీ పసుపుపచ్చ రొట్టె ముక్కలతో నిండిపోయాయి. పళ్ళెంలో రొట్టె అయిపోయినవాళ్ళు పక్కవాడి ముక్క తుంచుకుని మరీ ఎత్తారు. ఎముకలు లేవలేదు. హోసియా కూడా ఎముక ఎత్తకుండా కాసేపు అలాగే మోకాళ్ళ మీద ఉండి, లేచి, టోపీ తీసి జేబులో పెట్టుకుని, "ఆ ఏప్రన్ ఇటివ్వండి" అన్నాడు.

గెలిచింది కదా, ఆవిడ మొహంలో గెలుపు లేదు. మేం స్టేడియంలోకి వెళ్ళాక క్లోవిస్‌ని మైదానం గేటు దగ్గర జట్టు మనిషికి అప్పగించి, తను నా పక్క సీట్లోకొచ్చి కూర్చుంది. ఒక్కొక్క పేరూ పిలుస్తున్నారు. జెరెల్ మాబ్రీ అన్నారు. వాడు తండ్రి చేయి పట్టుకుని గీత దగ్గర నిలబడ్డాడు. నడవలేదు. మైకులో మళ్ళీ పిలిచారు, బ్యాండువాళ్ళు వాయించిందే మళ్ళీ వాయించారు. వాడు తలెత్తి మా వైపు చూస్తూ, ఖాళీగా ఉన్న రెండో చేతిని మోచేయి దగ్గర వంచి పట్టుకుని నిలబడే ఉన్నాడు.

"వెళ్ళవమ్మా, ఆట ఆలస్యమైపోతోంది" అన్నాను నేను. అప్పటికే ఆవిడ మెట్లు దిగుతోంది. ఆ వయసులో ఆ మెట్లు అలా దిగగలదని నేననుకోలేదు. ముగ్గురూ మధ్యదాకా నడిచారు. ఊరు లేచి నిలబడి చేసిన చప్పుడుకి నా చెవులు ఆ రాత్రిదాకా గింగురుమన్నాయి.

నడక అయ్యాక ఎర్నెస్టీన్ క్లోవిస్‌ని తీసుకుని నా పక్క సీట్లకొచ్చింది. మొదటి సగం మా పని అయిపోయిందనిపించింది. జెరెల్ ఉండాల్సిన చోట ఓ చిన్న కుర్రాణ్ణి నిలబెట్టారు, వాణ్ణి తప్పించుకుని ఎల్‌డ్రిజ్ వాళ్ళు రెండుసార్లు గీత దాటారు. వాళ్ళ గుంపు మమ్మల్ని చూసి గంటలు వాయించారు. రెండో సగానికి జెరెల్ హెల్మెట్ పెట్టుకుని పరుగున వచ్చాడు. అక్కణ్ణుంచి వాళ్ళకి ఒక్క పాయింటు రాలేదు. మా వాళ్ళు కొంచెం కొంచెంగా పైకి పాకి, ఆట ఇక అయిపోతుందనగా మూడు పాయింట్ల ముందుకొచ్చారు.

ఆఖరి అవకాశం ఎల్‌డ్రిజ్‌ది. గీత రెండు బారల దూరంలో ఉంది. బంతి తీసుకున్నవాడు గున్న ఏనుగులా ఉన్నాడు, మా ముందు వరసని రెండుగా చీల్చుకుని వచ్చేశాడు. వాడికీ గీతకీ మధ్య జెరెల్ ఒక్కడే. అది గోడ మీది బొమ్మలో క్లోవిస్ ఉన్న చోటే, ఆ మూలే, ఆ గీతే.  నా పక్కనుంచి ఎర్నెస్టీన్ గొంతు చిన్నగా వినబడింది. కళ్ళెత్తు, భుజం పెట్టు, చేతులు చుట్టు.

వాడు కళ్ళెత్తాడు. భుజం వెళ్ళి ఆ కుర్రాడి నడుములో దిగింది, చేతులు తొడల చుట్టూ పడ్డాయి, కాళ్ళు ఆగకుండా తోస్తూనే ఉన్నాయి. ఇద్దరూ గీతకి ఇవతలే పడ్డారు. అప్పుడు మా స్టేడియంలో ఎన్నడూ జరగనిది జరిగింది. గెలిచామని ఎవరూ అరవలేదు. ఊరు ఊరంతా గడ్డి మీద పసుపు గుడ్డ కోసం వెతికింది. ఎర్నెస్టీన్ గుడ్డ కోసం చూడలేదు. కింద పడ్డ ఇద్దరు కుర్రాళ్ళూ లేచేదాకా చూసింది. ఎల్‌డ్రిజ్ కుర్రాడు ముందు లేచి జెరెల్‌కి చేయందించాడు. గుడ్డ ఎక్కడా లేదు. అప్పుడు అరిచాం.

చీకటి పడేవేళకి మళ్ళీ మా గుడారం దగ్గర చేరాం. హోసియా ఎల్‌డ్రిజ్ రంగు ఏప్రన్ కట్టుకుని గుండిగలో తల దూర్చి తోముతున్నాడు, ఇంత మాడు ఉందని నాకెవరూ చెప్పలేదేం అని లోపల్నుంచి అతని గొంతు మోగుతోంది. మూల వదిలేశావు తమ్ముడూ, ఇసుక వేసి తోము అని ఎర్నెస్టీన్ చెబుతోంది. ఆ గోడ సంగతి ఏం చేస్తావని నేనడిగితే, అన్న ఆ బొమ్మ బాగుంటుందన్నాడుగా, ఉంచుతాను, పక్కన ఇంకా జాగా ఉంది, కుర్రాడి బొమ్మ కూడా వేయిస్తాను, తల ఎత్తి ఉన్నది అన్నాడు.

జెరెల్ తడి జుట్టుతో, భుజాన సంచితో వచ్చాడు. వాణ్ణి ఎత్తుకోబోయినవాళ్ళని తప్పించుకుని తల్లి ముందుకొచ్చి నిలబడ్డాడు. ఆవిడ వాడి భుజం మీది సంచి అందుకుంది. మాట్లాడాల్సింది మైదానంలోనే అయిపోయిందనుకుంటాను.

"లూథర్ మావయ్యా, గరిటె తీయి" అన్నాడు వాడు. "ఇంకో కేసుంది. ఆఖరి దెబ్బ. అమ్మ తీర్పు చెప్పాలి."

నేను అంగీ అప్పటికే విప్పేశాను. అయినా మూత మీద ఒక దెబ్బ కొట్టాను. జనం మూగారు, గుండిగలోంచి హోసియా తల బయటికొచ్చింది. ఎర్నెస్టీన్ అటూ ఇటూ చూసింది. ఆ కోర్టు పుట్టిన దగ్గర్నుంచి ఆవిడ చేతిలో రొట్టె ముక్క తప్ప ఇంకోటి చూసినవాళ్ళం కాదు. ఆవిడ వంగి, క్లోవిస్ పళ్ళెంలోంచి ఒక ఎముక తీసి, చేయి ఎంత సాగుతుందో అంత పైకెత్తింది.

జనం హోరులో క్లోవిస్ ఆవిడ గౌను అంచు పట్టుకుని లాగాడు.

"ఎర్నెస్టీన్, అది నాది" అన్నాడు. "దానికింకా మాంసం ఉంది."

ఆవిడ చేయి దించలేదు. ఎముక అలా ఎత్తి పట్టుకునే, కన్నీళ్ళు కారుతుంటే నవ్వుతూ, "విన్నారా, పేరు పెట్టి పిలిచాడు" అంది.